పాలు ఎన్ని, పెరుగు ఎంత? – ఆంగ్ల నామవాచకాల గురించి

ఆంగ్ల వ్యాకరణంలో మన పిల్లలకు మొట్టమొదట చెప్పే పాఠం నామవాచకం. అన్నిటికంటె తక్కువ ఉపయోగపడుతున్న పాఠం కూడా అదేనని నా అభిప్రాయం. పాఠంలో లోపం లేదు, చెప్పే తీరులో ఉంది. నామవాచకాలు ఐదు రకాలని చెప్పి, ఐదు నిర్వచనాలు, ఒక్కొక్కదానికి ఐదారు ఉదాహరణలు వల్లె వేయిస్తాము. పరీక్షలో గీత గీసిన పదం ఏ రకమో రాయమంటారు. పిల్లవాడు మిల్క్ అన్నది మెటీరియల్ నౌన్ అని సరిగానే రాసి మార్కు తెచ్చుకుంటాడు. ఆ పక్క పేజీలోనే, సొంతంగా ఒక వాక్యం రాయమంటే, "ద మిల్క్ ఆర్ హాట్" అని రాస్తాడు. రకం తెలిసింది, వాక్యం మాత్రం తప్పింది. అటువంటప్పుడు ఆ రకం తెలియడం వలన ఒనగూడిన ప్రయోజనం ఏమిటి?

ఈ ఐదు రకాల విభజన మనకు పందొమ్మిదవ శతాబ్దపు చివరి రోజుల నుండి వస్తున్నది. భారతదేశంలో విద్యాశాఖలో పనిచేసిన నెస్‌ఫీల్డ్ రాసిన వ్యాకరణ గ్రంథాలు ఇక్కడి బడులలో తరతరాలు పాఠ్యపుస్తకాలుగా నడిచాయి. ప్రాపర్, కామన్, కలెక్టివ్, మెటీరియల్, ఆబ్‌స్ట్రాక్ట్ అన్న వరుస వాటిలోనిదే. తరువాత 1930లలో రెన్, మార్టిన్‌ల పుస్తకం వచ్చి ఇంటింటి పుస్తకమైంది. తెలుగులో ఈ ఐదింటికీ సంజ్ఞానామం, జాతినామం, సమూహనామం, ద్రవ్యనామం, భావనామం అని పేర్లు పెట్టుకున్నాము. పేర్లు బాగానే ఉన్నాయి. అయితే ఇవన్నీ లోకంలోని వస్తువులను వేరు చేసే పేర్లు. ఊరు ఒక రకం, ఇనుము ఒక రకం, దయ ఒక రకం. వాక్యం ఎలా కట్టాలో ఇవి నేరుగా చెప్పవు.

ఆంగ్ల వాక్యంలో ఒక నామవాచకాన్ని వాడేటప్పుడు నాలుగు నిర్ణయాలు చేయవలసి ఉంటుంది. ముందు "ఎ" గాని "ద" గాని పెట్టాలా, వద్దా? చివర "ఎస్" చేర్చాలా, వద్దా? క్రియ "ఈజ్" కావాలా, "ఆర్" కావాలా? "మెనీ" అనాలా, "మచ్" అనాలా? ఈ నాలుగింటిలో ఎక్కువ భాగం తేల్చేది ఒకే ఒక ప్రశ్న: ఆ నామం లెక్కకు వచ్చేదా, రానిదా? గణ్యమా, అగణ్యమా? డేనిష్ భాషావేత్త యెస్పర్సన్ 1924లో ప్రచురించిన తన వ్యాకరణ తత్త్వ గ్రంథంలో ఈ భేదాన్ని విపులంగా చర్చించాడు. జపానులో ఆంగ్లం బోధించిన హార్న్‌బీ తన సహచరులతో కలిసి కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. అందులో నామవాచకాల పక్కన లెక్కకు వచ్చేదో, రానిదో గుర్తులు పెట్టారు. ఆ పుస్తకమే తరువాత ఆక్స్‌ఫర్డ్ వారి అభ్యాసకుల నిఘంటువు అయింది. గమనించవలసిందేమిటంటే, ఈ గుర్తులు ఆంగ్లేయుల పిల్లల కోసం పెట్టినవి కావు. వారికి వాటితో పని లేదు. పరాయి భాషగా ఆంగ్లం నేర్చుకునేవారి కోసం, అంటే మన వంటివారి కోసం పెట్టినవి. మన బడులు మాత్రం ఆంగ్లేయుల పిల్లలకే సరిపోయే నిర్వచనాలను ముందు పెట్టుకుని, మనకు కావలసిన గుర్తులను వెనుక పేజీలకు నెట్టివేశాయి.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది. లెక్కకు వచ్చేది, రానిది అన్న భేదం తెలుగు పిల్లవాడికి కొత్తగా నేర్పవలసిన పని లేదు. అది వాడి నోటిలో ఉన్నదే. తెలుగులో ప్రశ్నించడానికి మనకు మూడు మాటలున్నాయి: ఎందరు, ఎన్ని, ఎంత. ఎందరు మనుషులు? ఎన్ని ఎద్దులు? ఎంత నూనె? మూడేళ్ళ పిల్ల కూడా "ఎన్ని నూనె" అనదు, "ఎంత ఎద్దులు" అనదు. ఆంగ్లంలో రెండే గదులున్నాయి, హౌ మెనీ, హౌ మచ్. మనకు మూడు. మనుషులను వేరుగా లెక్కపెట్టే మన అలవాటును, అంటే ఇద్దరు మనుషులు, రెండు ఎద్దులు అనే తేడాను, ఆంగ్లంలోకి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర విడిచి వెళితే చాలు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తు, అమహత్తు అని చెప్పిన విభజన మన భాషకు వెన్నెముక. అది ఆంగ్ల సంఖ్యావాచకాలకు అక్కరలేదు. మిగిలిన రెండు గదులూ రెండు భాషలలోనూ ఉన్నాయి.

మరి తప్పు ఎక్కడ వస్తున్నది? గదులు ఒకటే అయినా, ఏ సరుకు ఏ గదిలో ఉందన్న దగ్గర తేడా వస్తున్నది. రెండు పొలాల నడుమ గట్టు ఉన్నదన్న మాట ఇద్దరూ ఒప్పుకుంటారు. గట్టు ఎక్కడ ఉన్నదన్న దగ్గరే పేచీ.

వంటింటి నుండే మొదలుపెడదాము. పాలు విరిగాయి, పాలు పొంగాయి, పాలు ఉన్నాయి. తెలుగులో పాలు నిత్యబహువచనం. ఆ పాలే తోడు వేస్తే తెల్లవారేసరికి పెరుగు ఉంది, పెరుగు పులిసింది. రాత్రికి రాత్రి బహువచనం ఏకవచనమైపోయింది. ఆ తరువాత మజ్జిగ, వెన్న, నెయ్యి అన్నీ ఏకవచనాలే. ఆంగ్లంలో మిల్క్ మొదలుకొని నెయ్యి దాకా అన్నీ ఒకే వరుస, అన్నీ "ఈజ్". కనుక ఈ వరుసలో పిల్లవాడు నేర్చుకోవలసినది ఒక్క పాల సంగతే. పెరుగు గురించి వాడికి పాఠం అక్కరలేదు. "ద కర్డ్ ఆర్ సవర్" అని తెలుగు పిల్లవాడు సాధారణంగా రాయడు, చూడండి. "ద మిల్క్ ఆర్" అనే రాస్తాడు. వాడి తప్పు తెలివితక్కువతనం కాదు. తన భాషలోని గట్టును పక్క పొలంలోనూ అదే చోట ఉంటుందని నమ్మడం.

నీళ్ళు కూడా అంతే. నీళ్ళు ఉన్నాయి, కన్నీళ్ళు వచ్చాయి. ఆంగ్లంలో వాటర్ "ఈజ్", కాని టియర్స్ "ఆర్". పైసలు చూడండి. మా పాలమూరు వైపు "ఎన్ని పైసలున్నయి?" అంటాము. మనీ అన్న మాటకు ఆంగ్లంలో "హౌ మచ్". రూపాయలు లెక్కకు వస్తాయి, మనీ రాదు.

ఇంకొక విషయం. పాలు బహువచనమే అయినా, "ఎన్ని పాలు?" అని అడిగితే "ఏడు పాలు" అని ఎవరూ బదులివ్వరు. "లీటరు" అంటారు, "రెండు గ్లాసులు" అంటారు. అంటే పాలు విడివిడిగా లెక్కకు రావన్న ఎరుక మనకూ ఉంది. భాష వేసిన వేషం మాత్రమే బహువచనం. ఈ ఒక్క మాట పిల్లవాడికి విప్పి చెబితే "మిల్క్ ఈజ్" అన్నది మొక్కుబడిగా వల్లె వేసే నియమంగా ఉండదు, అర్థమైన సంగతి అవుతుంది.

వంటింటి నుండి మార్కెట్టుకు వెళితే గట్టు ఇంకా వంకరగా కనబడుతుంది. మా కొత్తకోట చుట్టుపక్కల ఊళ్ళలో పండే పంటల పేర్లు వరుసగా చెప్పుకోండి: వడ్లు, పల్లీలు, కందులు, జొన్నలు, ఆముదాలు, పెసలు. అన్నీ బహువచనాలే. తెలుగువాడు ధాన్యాన్ని గింజలుగా చూస్తాడు. ఆంగ్లంలో ప్యాడీ, రైస్, వీట్, మెయిజ్, బార్లీ అగణ్యాలు, గ్రౌండ్‌నట్స్, లెంటిల్స్, బీన్స్, ఓట్స్ బహువచనాలు. గోధుమగింజకూ ఓట్ గింజకూ పరిమాణంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా ఒకటి "ఈజ్", మరొకటి "ఆర్". ఇందులో తర్కం వెతకవద్దని పిల్లలకు నిజాయితీగా చెప్పాలి. ద్రవ్యనామం అన్న పేరు ఇక్కడ ఏమీ సహాయం చేయదు. వీట్ ద్రవ్యమే, ఓట్స్ ద్రవ్యమే.

వడ్లు, బియ్యం, అన్నం అన్న మూడు మాటలు తీసుకోండి. వడ్లు ఆరినాయి. బియ్యం ఒడిసినయి అంటారు మా వైపు, అంటే అయిపోయాయని. బియ్యం అన్న మాట చివర "లు" లేదు, క్రియ మాత్రం బహువచనం. అన్నం ఉడికింది, ఇక్కడ ఏకవచనం. గింజ గింజగా ఉన్నంత సేపు బహువచనం, ఉడికి ఒకటైతే ఏకవచనం. ఉడికిన తరువాత కూడా విడిగా చూడాలంటే మెతుకు అన్న వేరే మాట ఉంది. ఆంగ్లంలో బియ్యమూ అన్నమూ రెండూ రైసే, రెండూ "ఈజ్". విడిగా చెప్పాలంటే "ఎ గ్రెయిన్ ఆఫ్ రైస్". తెలుగు ఎంత సూక్ష్మంగా చూస్తుందో ఆంగ్లం పాఠం చెబుతున్నప్పుడే పిల్లలకు చెప్పవచ్చు. ఒక భాష నేర్పడానికి మరొక భాషను కించపరచవలసిన అగత్యం లేదు.

అగణ్యాలను కొలిచి చెప్పే పద్ధతి కూడా మనకు పుట్టుకతో వచ్చినదే. చిటికెడు ఉప్పు, గుప్పెడు పల్లీలు, దోసెడు నీళ్ళు, బుక్కెడు బువ్వ, కడివెడు చల్ల. ఆ చివరి "ఎడు" ఏమిటో, ఆంగ్లంలోని "ఫుల్" అదే. గుప్పెడు అంటే హ్యాండ్‌ఫుల్, బుక్కెడు అంటే మౌత్‌ఫుల్, చెంచాడు అంటే స్పూన్‌ఫుల్. తేడా ఒక్కటే. మనం కొలతను సరుకు ముందు ఊరికే నిలబెడతాము, ఆంగ్లం మధ్యలో "ఆఫ్" అన్న కట్టుతాడు వేస్తుంది. "బస్తా బియ్యం" అన్నది "ఎ బ్యాగ్ ఆఫ్ రైస్" అవుతుంది. రెండు బస్తాలైతే "ఎస్" బ్యాగ్‌కు వస్తుంది, రైస్‌కు రాదు.

ఇక భావనామాలలో మన వారిని పట్టించే మాటలు పట్టుమని పది ఉంటాయి. సలహాలు, వివరాలు, సామాన్లు, పనులు అని మనం హాయిగా బహువచనం చేస్తాము. అదే ఊపులో అడ్వైసెస్, ఇన్ఫర్మేషన్స్, లగేజెస్, ఫర్నిచర్స్, హోంవర్క్స్ అని రాస్తాము. వార్తలు ఉన్నాయి కనుక న్యూస్ "ఆర్" అంటాము. న్యూస్ చివర "ఎస్" ఉన్నా అది ఏకవచనం. చివర "లు" లేకున్నా బహువచనమైన బియ్యానికి ఇది సరిగ్గా తిరగేసిన బొమ్మ. అలా పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏ పిల్లవాడు మరచిపోతాడు?

రెండవ మాట, నామం యొక్క రకం పదంలో లేదు, వాక్యంలో ఉంది. ఇది మా ఊరి పేరుతోనే నిరూపించవచ్చు. "కొత్త కోట" అని విడదీసి రాస్తే ఎవరైనా కట్టిన కొత్త కోట, జాతినామం. కలిపి "కొత్తకోట" అంటే ఊరు, సంజ్ఞానామం. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనూ, తరువాత వనపర్తి జిల్లాలోనూ ఉన్న మా ఊరు. ఆంగ్లంలో దానికి ముందు "ద" పెట్టము, "న్యూ ఫోర్ట్" అని అనువదించము. కాని మదనపల్లె దగ్గర బి.కొత్తకోట ఉంది, రావికమతం మండలంలో మరొక కొత్తకోట ఉంది. "తెలుగు నేల మీద కొత్తకోటలు చాలా ఉన్నాయి" అనగానే ఆ సంజ్ఞానామం బహువచనం పొంది జాతినామంలా నడిచింది. ఆంగ్లంలోనూ "త్రీ కొత్తకోటాస్" అనవచ్చు, తప్పు కాదు. హోటలులో "టూ టీస్" అన్నప్పుడు అగణ్యమైన టీ గణ్యమవుతుంది, మనం "రెండు చాయ్‌లు" అన్నట్లే. పేపర్ అంటే కాగితం, "ఎ పేపర్" అంటే వార్తాపత్రిక. హెయిర్ అంటే జుట్టు, "ఎ హెయిర్" అంటే వెంట్రుక. ఆంగ్లం ఒకే మాటకు "ఎ" తగిలించి చేసే పనిని తెలుగు రెండు మాటలతో చేస్తుంది. పదాల పట్టిక ఇచ్చి రకం రాయమనే ప్రశ్న ఎందుకు అర్థరహితమో ఇప్పుడు తేటపడుతుందనుకుంటాను. వాక్యం లేకుండా పేపర్ ఏ రకం? ఎవరు చెప్పగలరు?

సంజ్ఞానామం విషయంలో మన పిల్లలకు నిజంగా చెప్పవలసినది మరొకటుంది, అది పెద్దక్షరం. తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి అక్షరాల భేదం లేదు. సోమవారం, జనవరి, తెలుగు అన్నవి మనకు అన్ని మాటలవంటి మాటలే. ఆంగ్లంలో వాటికి పెద్దక్షరం కావాలి. అలాగే ఊరికి "ద" లేదు, నదికి ఉంది, "ద కృష్ణా" అంటారు. నిర్వచనం కంటె ఈ రెండు సంగతులు పదింతలు ముఖ్యం.

సమూహనామాల పాఠం మరీ విచిత్రం. సింహాల గుంపును "ప్రైడ్" అనాలి, కాకుల గుంపును "మర్డర్" అనాలి అని మన పిల్లలు నేటికీ వల్లె వేస్తున్నారు. ఈ మాటలు 1486లో ఇంగ్లండులో అచ్చయిన సెయింట్ ఆల్బన్స్ పుస్తకంలోని పట్టికలో కనిపిస్తాయి. వేటకు వెళ్ళే దొరబాబులు తమ మర్యాద చాటుకోవడానికి నేర్చుకున్న మాటలు అవి. ఐదు వందల ఏండ్ల తరువాత పాలమూరు పిల్లలు వాటితో చేయవలసిన పని ఏమిటి? గొర్రెల మందకు ఫ్లాక్, పశువుల మందకు హెర్డ్, అరటి గెలకు బంచ్, ఇవి చాలు. వాక్యానికి పనికివచ్చే సంగతి వేరే ఉంది. మంద వచ్చింది అంటాము, జనం వచ్చారు అంటాము. రెండూ గుంపులే, క్రియలు వేరు. ఆంగ్లంలో పీపుల్, పోలీస్ అన్నవి మన జనం వంటివి. చివర "ఎస్" లేకున్నా "ఆర్" కావాలి. "పీపుల్ ఈజ్" అని రాసే పిల్లవాడికి "జనం వచ్చింది అంటావా?" అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు.

ఇక్కడ రెండు ఆక్షేపణలు రాగలవు. ఒకటి, పిల్లలు వ్యాకరణం లేకుండానే వినికిడి వలన భాష నేర్చుకుంటారు కదా అన్నది. నిజమే, వినే అవకాశం ఉంటే. ఇంట్లో ఆంగ్లం మాట్లాడే కుటుంబంలో పుట్టిన పిల్లకు ఈ టపాలోని ఒక్క మాట కూడా అక్కరలేదు. బడి గంట కొట్టిన తరువాత ఆంగ్లం చెవిన పడని ఊళ్ళలో వినికిడి మీద ఆధారపడమనడం, బావి లేని ఊరిలో ఈత నేర్చుకోమనడమే. రెండవది, ఆంగ్లం చెప్పేటప్పుడు తెలుగు వాడరాదు అన్నది. ఈ వాదం నాకు ఏనాడూ మింగుడుపడలేదు. పిల్లవాడు తెలుగును బడి గేటు బయట చెప్పులతో పాటు విడిచి రాలేడు. వాడు రాసే తప్పులలోనే తెలుగు ఉంది. ఆ తెలుగును గుర్తించని గురువు ఆ తప్పును దిద్దగలడే గాని, మళ్ళీ రాకుండా ఆపలేడు.

పైగా ఈ తప్పులు మన పిల్లలే చేస్తారనుకోనక్కరలేదు. ఆంగ్లంలో బఠాణీలకు పూర్వం "పీజ్" అన్న మాట ఉండేది. అది ఏకవచనమే. చివరి ధ్వని బహువచనపు "ఎస్" అని భ్రమపడి, పదిహేడవ శతాబ్దం నాటికి ఆంగ్లేయులే దాని నుండి "పీ" అన్న ఏకవచనాన్ని పుట్టించారు. ఈనాడు అదే ప్రమాణం. వారి భ్రమ నిఘంటువుకు ఎక్కింది, మన పిల్లల భ్రమ ఎర్రసిరా కిందికి వెళ్ళింది. ప్రమాణాన్ని పాటించవద్దని నేను అనడం లేదు. పరీక్షలకూ ఉద్యోగాలకూ అది కావాలి. తప్పు రాసిన పిల్లవాడిని మొద్దు అనవద్దని మాత్రమే అంటున్నాను. "ఫర్నిచర్స్" అన్నవాడు ఆలోచించే అన్నాడు, తన భాషలో ఆలోచించాడు.

తెలంగాణ ప్రభుత్వ బడులలో 2022-23 విద్యాసంవత్సరం నుండి ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఆంగ్లం ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు అచ్చువేశారు. మాధ్యమం ఏది ఉండాలన్న వాదం పెద్దది, అందులోకి నేను ఇక్కడ దిగను. అయితే ఆ మార్పుతో ఒక సంగతి మారింది. ఇంతకు ముందు ఆంగ్ల నామవాచకం ఒక్క పీరియడు సమస్య. ఆంగ్ల మాధ్యమంలో అది సైన్సు సమస్య, సాంఘికశాస్త్ర సమస్య, లెక్కల సమస్య. నీటిని గురించి రాసే జవాబులో ప్రతి వాక్యానికి "ఈజ్"తో పని పడుతుంది. "మచ్", "మెనీ" తేడా తెలియనివాడికి లెక్క వచ్చినా ప్రశ్న అర్థం కాదు.

ఎదురెదురు పేజీల పుస్తకం దీనికి దొరికిన మంచి సాధనం. ఎడమవైపు "నీళ్ళు మరుగుతాయి", కుడివైపు "వాటర్ బాయిల్స్". రెండు క్రియల కింద గీతలు గీయించి, ఇక్కడ బహువచనం ఎందుకు, అక్కడ ఏకవచనం ఎందుకు అని అడిగితే నామవాచక పాఠం అక్కడే పూర్తవుతుంది. ఐదు నిర్వచనాల స్థానంలో ఒక చిన్న పట్టిక చాలు: తెలుగులో "ఎన్ని", ఆంగ్లంలో "హౌ మచ్" అయ్యే మాటలు. పాలు, నీళ్ళు, బియ్యం, వడ్లు, గోధుమలు, పైసలు, సామాన్లు, సలహాలు, వివరాలు, వార్తలు. ఇంకొక పది చేర్చినా ఒక పుట దాటదు. మిగిలిన వేల మాటలలో ఎక్కువ వాటికి రెండు భాషల గట్టు ఒకే చోట ఉంది, వాటి జోలికి పోనక్కరలేదు.

ఆ పట్టికను పూర్తి చేయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. బియ్యం "ఉన్నాయి" అనేవారున్నారు, "ఉంది" అనేవారూ ఉన్నారు. డబ్బు అనే ప్రాంతం ఉంది, డబ్బులు అనే ప్రాంతం ఉంది. ప్రాంతాన్ని బట్టి పిల్లల తప్పు కూడా మారుతుంది. మీ వైపు ఏ మాటకు "ఎన్ని" అంటారో, ఏ మాటకు "ఎంత" అంటారో తెలియజేస్తే పట్టికలో చేరుస్తాను. ముఖ్యంగా ఉపాధ్యాయ మిత్రులు తమ పిల్లల నోటు పుస్తకాలలో మళ్ళీ మళ్ళీ కనబడే ఒకటి రెండు వాక్యాలు పంపితే, అవి ఏ నిర్వచనం కంటెనూ ఎక్కువ ఉపయోగపడతాయి.